హ్యాండిల్ పోయింది, కేబుల్ వచ్చింది

కారు బ్యాటరీ డౌన్ అయిందంటే మన దగ్గర మొదట వినపడే మాట "ఓ చెయ్యి వెయ్యండి బాబూ, నెడదాం". నలుగురు నెట్టి, సెకండ్ గేర్లో క్లచ్ వదిలితే బండి స్టార్ట్! కానీ ఆటోమేటిక్ బండ్ల దగ్గర ఈ విద్య పనిచెయ్యదు. అక్కడ దిక్కు పక్క బండి బ్యాటరీ, రెండు జంపర్ కేబుళ్ళూను. ఈ కేబుళ్ళు తగిలించడానికి ఒక వరస ఉంది. అదెందుకో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మొదట్లో కార్లకి స్టార్టర్ ఉండేది కాదు. బండి ముందు నుంచుని ఇనప హ్యాండిల్ పెట్టి తిప్పాలి. ఇంజను ఒక్కోసారి తొందరపడి ముందే మండి, హ్యాండిల్‌ని వెనక్కి తన్నేది. ఆ దెబ్బకి మణికట్టు దగ్గర ఎముక విరిగేది. డాక్టర్లు ఏకంగా "షోఫర్స్ ఫ్రాక్చర్" అని పేరే పెట్టేశారు! హ్యాండిళ్ళు పోయినా వైద్య పుస్తకాల్లో ఆ పేరు మిగిలింది. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ చుట్టకుండా మిగతా వేళ్ళ వైపే పెట్టుకోవాలన్నది ఆనాటి డ్రైవర్ల పాఠం.

ఈ బాధ తప్పించినవాడు ఛార్లెస్ కెటరింగ్ అనే అమెరికన్ ఇంజనీరు. అంతకుముందు ఆయన డేటన్‌లోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో గల్లాపెట్టెకి కరెంటు మోటారు బిగించాడు. గల్లాపెట్టె మోటారు రోజంతా తిరగక్కర్లేదు, క్షణం సేపు గట్టిగా లాగితే చాలు. కారు స్టార్టరూ అంతే కదా! కొన్ని సెకన్ల పనే కాబట్టి చిన్న మోటారు మీద పెద్ద భారం వేసినా కాలిపోదు. అలా 1912 మోడల్ కాడిలాక్‌కి సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. ఫోర్డ్ మోడల్ టీకి మాత్రం 1919 దాకా ఆగాల్సొచ్చింది.

అయితే ఆ మోటారుకి వందల ఆంపియర్ల కరెంటు కావాలి. అది ఇచ్చేది లెడ్ యాసిడ్ బ్యాటరీ. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సరుకే, ఇంకా మన పెట్రోలు, డీజిలు బండ్లలో కూర్చుంది. దీంతో ఒక తంటా ఉంది. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాల్లో నాలుగు శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. బ్యాటరీ పేలితే మొహం మీద పడేది సల్ఫ్యూరిక్ యాసిడ్!

ఇప్పుడు వరస సంగతి. రెండూ 12 వోల్టుల బండ్లే అయ్యుండాలి (చాలా లారీలవి 24, వాటితో వద్దు). బండ్లు ఒకదానికొకటి తగలకూడదు, రెండూ ఆఫ్‌లో ఉండాలి. ఎర్ర కేబుల్ ముందు డౌన్ అయిన బ్యాటరీ పాజిటివ్‌కి, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కి. నల్లది మంచి బ్యాటరీ నెగటివ్‌కి. ఇక ఆఖరి క్లిప్పు... చాలామంది డౌన్ అయిన బ్యాటరీ నెగటివ్‌కే పెట్టేస్తారు. పెట్టాల్సింది ఆ బండి ఇంజను మీద, బ్యాటరీకి దూరంగా, పెయింటు లేని ఇనుముకి. ఎందుకంటే సర్క్యూట్ పూర్తయ్యేది అక్కడే, నిప్పురవ్వ వచ్చేదీ అక్కడే. అది హైడ్రోజన్ ఉన్నచోట రాకూడదు, అంతే! తర్వాత మంచి బండి స్టార్ట్ చేసి, కాసేపాగి రెండోది చెయ్యాలి. తియ్యడం సరిగ్గా తిరగేసి. పగిలిన బ్యాటరీ, గడ్డకట్టిన బ్యాటరీ జోలికి అసలు పోవద్దు. అన్నిటికంటే ముందు బండితో వచ్చిన పుస్తకం చూడండి, కొన్నిటికి క్లిప్పు పెట్టే చోటు వేరేగా ఉంటుంది.

నాకనిపించేది ఒకటే. కెటరింగ్ ప్రమాదాన్ని తీసెయ్యలేదు, చేతి మీంచి బ్యాటరీ మీదకి మార్చాడు. హ్యాండిల్ తన్నుతుందని అందరికీ కనపడేది కాబట్టి బొటనవేలి పాఠం ఒకరినుంచి ఒకరికి అందింది. హైడ్రోజన్ కనపడదు, అందుకే "ఎర్రదానికి ఎర్ర, నల్లదానికి నల్ల" అనే సగం పాఠమే చేతులు మారుతోంది. మిగతా సగం కూడా చెప్పండి. డ్రైవింగ్ నేర్పేవాళ్ళు ఐదు నిమిషాలు దీనికిస్తే ఎవరిదో ఒకరి కన్ను నిలబడుతుంది.