పిల్లలున్న ఇంటికి ఏ పిట్ట మంచిది? చిలుకల చరిత్ర తిరగేస్తే తెలిసినవి

వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లల కోరికల్లో పెంపుడు జంతువు ఒకటి తప్పకుండా ఉంటుంది. కుక్కపిల్లకు ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. పిల్లి పాలగిన్నెను వదలదు. చేపలు పలకవు. ఇక మిగిలేది పిట్ట. పిట్ట అనగానే మన పిల్లల నోట వచ్చే మొదటి పేరు రామచిలుక. మా ఇంట్లోనూ అంతే. పెద్దదానికి పదకొండేళ్లు, చిన్నవాడికి ఏడు. ఇద్దరికీ చిలుకే కావాలి, అది వాళ్లను పేరు పెట్టి పిలవాలి.

"కొందాం లే" అనడం తేలిక, "వద్దు" అనడం ఇంకా తేలిక. రెండిటిలో ఏది అన్నా ఎందుకో చెప్పాలి కదా. ఆ కారణం కోసం చదవడం మొదలుపెడితే చిలుక పంజరం వెనక చాలా పెద్ద కథే ఉందని తెలిసింది.

మన చిలుక పేరు ప్రపంచానికి ఎక్కింది క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో. పర్షియా రాజుల ఆస్థానంలో టెసియాస్ అనే గ్రీకు వైద్యుడు ఉండేవాడు. ఆయన మన దేశం గురించి విన్నవీ కన్నవీ ఒక పుస్తకంగా రాశాడు. అందులో మనుషుల్లా మాట్లాడే ఒక పక్షి ఉంది. అది హిందూ దేశపు భాష మాట్లాడుతుందట, గ్రీకు నేర్పితే గ్రీకూ మాట్లాడుతుందట! ఆ తర్వాత రోము వాళ్లకూ చిలుక అంటే మన దేశం నుంచి వచ్చే పక్షే. దాన్ని అక్కడ డబ్బున్న ఇళ్లలో పెంచుకునేవాళ్లు. అంటే చిలుకను పట్టడం, పంజరంలో పెట్టడం, దూరదేశాలకు అమ్మడం నిన్న మొన్న మొదలైన పని కాదు.

మన దగ్గర చిలుకకు ఉన్న గౌరవం మీకు తెలిసిందే. మన్మథుడి వాహనం చిలుక. మధుర మీనాక్షి చేతిలో చిలుక. శ్రీవిల్లిపుత్తూరులో గోదాదేవికి రోజూ ఆకులతో కొత్త చిలుకను చేసి చేతిలో పెడతారు. మన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో కథ చెప్పింది ఆ గోదాదేవిదే. మండనమిశ్రుడి ఇల్లు ఎక్కడని ఆదిశంకరులు అడిగితే, ఏ ఇంటి ముందు పంజరాల్లో చిలుకలు వేదాల మీద వాదించుకుంటుంటాయో అదే ఆయన ఇల్లని చెప్పారట. మధుర గుడిలో కిళిక్కూండు మండపం అని ఒకటి ఉంది. కిళిక్కూండు అంటే చిలుక పంజరం. అమ్మవారి పేరు పలికే చిలుకలను ఒకప్పుడు అక్కడ పెంచేవాళ్లు.

ఇంత గౌరవంలోనూ పంజరం మాత్రం అలాగే ఉంది, గమనించారా?

ఆడవాళ్లుగా మనం తప్పక తెలుసుకోవలసిన చిలుక ఇంకొకటి ఉంది. అది శుకసప్తతిలోది. మొదట సంస్కృతంలో ఉన్న ఈ కథలను తెలుగులో పద్యకావ్యంగా రాసినవాడు పాలవేకరి కదిరీపతి, మన రాయలసీమ కవి. మగడు దూరదేశం పోతాడు. ఇల్లు దాటబోయిన భార్యను పెంపుడు చిలుక రాత్రికొక కథ చెప్పి ఆపుతుంది. ఈ కథలే పర్షియన్‌లో తూతీనామా అయ్యాయి. అక్బరు చక్రవర్తి దానికి బొమ్మలు వేయించాడు. ఆ ప్రతి ఇప్పుడు అమెరికాలో క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది. కథలు నిజంగా సరదాగా ఉంటాయి. కానీ నాకు ఒకటే తోచింది. పంజరంలో ఉన్నది ఇంట్లో ఉన్నదానికి కాపలా కాస్తోంది. బయటికి పోయే వీలు ఇద్దరికీ లేదు.

ఇక మా ఊరి సంగతి. చిప్పగిరి అంటే చాలామందికి విజయదాసుల వారు గుర్తొస్తారు. కన్నడంలో వేల పదాలు కట్టిన ఆ హరిదాసు 1755లో ఇక్కడే కాలం చేశారు. మా ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్ళారి జిల్లాలోవే. అందుకే ఇప్పటికీ మా వైపు ముసలివాళ్ల నోట కన్నడం, తెలుగు కలిసే వస్తాయి, దాసుల పదాలు కూడా వాళ్లకు నోటికి వస్తాయి. విజయదాసులు గురువుగా తలచుకున్నది పురందరదాసుల వారిని. దేహాన్ని పంజరంగా, ప్రాణాన్ని చిలుకగా పోల్చిన పదం ఆ పురందరదాసులదే. మా అత్త దాన్ని పాడుతూ చివరికి వచ్చేసరికి గొంతు తగ్గించేస్తుంది. ప్రేమగా పెంచుకున్న చిలుక వెళ్లిపోవడమే చావు అని చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా ఉంటుంది ఆ పోలిక.

తెలుగువాళ్లందరికీ తెలిసిన చిలుక కథ ఇంకొకటి రామదాసుది. కంచర్ల గోపన్న భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, సర్కారు సొమ్ము వాడినందుకు గోల్కొండ కోటలో తానీషా చెరలో పడ్డాడు. అంతటి భక్తుడికి అన్నేళ్ల చెర ఎందుకు అన్నది జనానికి అంతుపట్టని ప్రశ్న. దానికి జనమే ఒక జవాబు చెప్పుకున్నారు. పోయిన జన్మలో ఆయన ఒక చిలుకను పన్నెండేళ్లు పంజరంలో ఉంచాడట, ఆ లెక్క ఈ జన్మలో తీరిందట. ఇది చరిత్ర కాదు, జనం నమ్మిక. అయినా చూడండి, ఏ చట్టమూ లేని రోజుల్లోనే పిట్టను బంధించడం తప్పేమోనన్న అనుమానం మనవాళ్లకు ఉంది. నేను ఈ కథ చెప్పిన రాత్రి మా చిన్నవాడు అడిగాడు, "అమ్మా, ఆ చిలుక ఏం తప్పు చేసిందని దాన్ని పెట్టినారు?" అని. నా దగ్గర జవాబు లేదు.

చట్టం 1972లో వచ్చింది, వన్యప్రాణి సంరక్షణ చట్టం. 1990–91లో మన దేశపు అడవి పక్షుల కొనుగోలు, అమ్మకాలు మొత్తంగా నిషేధించారు. 2022లో ఆ చట్టాన్ని సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. రామచిలుక ఇప్పుడు రెండో షెడ్యూలులో ఉంది. పట్టినా, అమ్మినా, ఇంట్లో ఉంచుకున్నా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పైగా 2018 నుంచి రామచిలుక మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. అంతకు ముందు ఆ గౌరవం పాలపిట్టది. దసరా రోజు పాలపిట్టను చూస్తే మంచిదని కొన్నిచోట్ల దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, ఇంటింటికీ చూపి డబ్బులు అడుగుతారు. అదీ నేరమే. ఆ రోజు చేనులోకి పోయి తీగ మీద వాలిన పిట్టను చూస్తే సరిపోతుంది కదా.

ఇన్ని చెప్పినా గంపలో చిలుక పిల్లలు అమ్మేవాళ్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. మా వైపు కూడా ఒకాయన వచ్చాడు. మెడకు గీత లేదేమని అడిగితే "ఇది ఆడదమ్మా, బాగా మాట్లాడుతుంది" అన్నాడు. అసలు సంగతి ఏమిటంటే, మగ చిలుకకైనా మెడ చుట్టూ ఆ నలుపు, గులాబీ రంగుల పట్టీ రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. గీత లేదంటే అది ఆడదన్నా కావాలి, పసిదన్నా కావాలి. గంపలో ఉన్నవన్నీ చెట్టు తొర్రలోంచి తీసిన పసివే. కళ్లు కూడా సరిగా తెరవని పిల్లలను తల్లి దగ్గర్నుంచి తీసేస్తే ఎన్ని బతుకుతాయి? బతికినవాటికి రెక్కల ఈకలు కత్తిరిస్తారు. అలా బతికిన చిలుక ఇరవై ముప్పై ఏళ్లు ఉంటుంది. అంటే మన పిల్ల పెళ్లై వెళ్లాక కూడా అది పంజరంలోనే ఉంటుంది.

మరి చట్టం ఒప్పుకునే పిట్టలు లేవా అంటే ఉన్నాయి. అంగళ్లలో లవ్ బర్డ్స్ అని అమ్మే పచ్చ, నీలం, పసుపు పిట్టలు నిజానికి లవ్ బర్డ్స్ కావు. అవి బడ్జీలు, ఆస్ట్రేలియా పక్షులు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, కొంచెం బొద్దుగా, పొట్టి తోకతో ఉంటాయి. బడ్జీలను ప్రాణంతో ఇంగ్లండుకు తెచ్చినవాడు జాన్ గౌల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త, 1840లో. అక్కడి నుంచి ఇంటింటికీ పాకాయి. అడవిలో అవన్నీ పచ్చనివే. నీలం రంగు పంజరాల్లో పుట్టింది, 19వ శతాబ్దం చివర బెల్జియంలో. ఎన్నో తరాలుగా మనుషుల మధ్యే గుడ్లు పెట్టి పిల్లలు చేసినవి కాబట్టి వీటి కోసం అడవిలో ఏ తొర్రా దోచుకోనక్కర్లేదు.

ఇవి ఆస్ట్రేలియాలో ఉండేది మా సీమ లాంటి ఎండు నేలల్లోనే. గడ్డి గింజలు తిని బతుకుతాయి. ప్రపంచమంతా బడ్జీలకు పెట్టే గింజల్లో ఒకటి ఏమిటో తెలుసా? మన కొర్రలే! మా అవ్వల కాలంలో అన్నంగా వండుకున్న గింజ విదేశాల్లో పిట్టల సంచుల్లో అమ్ముడుపోతోంది.

బడ్జీ ఐదు నుంచి పదేళ్లు బతుకుతుంది. తలమీద జుట్టున్న కాక్‌టీల్ కూడా ఆస్ట్రేలియాదే, అది పదిహేను ఇరవై ఏళ్లు ఉంటుంది. ఈ రెండిటికీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటివైతే 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. బడ్జీలు గుంపు పక్షులు, ఒంటరిగా ఉంచితే దిగులు పడతాయి. కనీసం రెండు ఉండాలి. పంజరం నిలువుగా ఉంటే చాలదు, అటూ ఇటూ ఎగిరేంత వెడల్పు కావాలి. ముక్కు పైభాగం నీలంగా ఉంటే మగది, గోధుమ రంగులో ఉంటే ఆడది. జతను తెచ్చి గూడు పెట్టె కూడా పెడితే గంపెడు పిల్లలు అవుతాయి, చూసుకోండి.

ఇప్పుడు మన వంటింటి సంగతి. పిట్టల ఊపిరి చాలా సున్నితం. ఇంగ్లండులో బొగ్గు గనుల్లోకి విషవాయువు కనిపెట్టడానికి కెనరీ పిట్టలను తీసుకుపోయేవాళ్లు. మనిషికి తెలిసేలోపే పిట్ట సొమ్మసిల్లేది. 1986లో గానీ ఆ పద్ధతి ఆపలేదు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకు వాసన తెలిసేలోపే పిట్టను చంపేస్తుంది. దోమల చుట్ట, సాంబ్రాణి, తిరగమాత ఘాటు కూడా దానికి పడవు. కాబట్టి పంజరం వంటింట్లో వద్దు, వంటింటి పక్కన కూడా వద్దు. మనకూ దాని వల్ల కొంత ప్రమాదం ఉంది. 1929–30లో అమ్మకానికి తెచ్చిన చిలుకల నుంచి అమెరికా, యూరప్ దేశాల్లో మనుషులకు ఊపిరితిత్తుల జబ్బు పాకి కొందరు చనిపోయారు. ఇప్పుడు దానికి మందులున్నాయి. అయినా రెట్ట ఎండి దుమ్ము కాకముందే తడిపి తీసేయడం, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే డాక్టరును అడక్కుండా పిట్టను తేవద్దు.

ఇంత లెక్క చూశాక మా అత్త ఒక మాట అంది. "పంజరమెందుకు, కోడిపిల్లలు తెచ్చుకోండి. మా కాలంలో కోళ్ల దుడ్లు ఆడోళ్ల దుడ్లు. మొగోళ్లు లెక్క అడిగేవాళ్లు కాదు." ఆ మాట నిజం. పల్లెల్లో ఆడవాళ్ల చేతిలో సొంతంగా నాలుగు రూకలు ఆడింది గుడ్లు అమ్మే. ఆ డబ్బులతో పిల్లల పలకలు, సూదిమందులు, పండగ గాజులు వచ్చేవి. పల్నాటి కథలో కోడిపందెం మాత్రమే మనకు చెప్పారు గానీ, ఆ కోళ్లకు రోజూ గింజలు చల్లింది ఎవరో చెప్పలేదు.

కోడిపిల్లలంటే సైకిలు మీద అమ్మే రంగు పిల్లలు కావండీ. అవి గుడ్ల కోళ్ల హేచరీల్లో పనికిరావని వదిలేసిన మగపిల్లలు. తల్లి వెచ్చదనం లేక, రంగులో ముంచిన చలికి రెండు మూడు రోజుల్లో చనిపోతాయి, పిల్లలు ఏడుస్తారు. తల్లితో ఉన్న నాటు కోడిపిల్లలు గానీ, హైదరాబాదు పౌల్ట్రీ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు గానీ మేలు. కొక్కెర తెగులుకు టీకా వేయించాలి. రాత్రి గంప కింద మూయాలి, లేకపోతే పిల్లి పట్టుకుపోతుంది.

మా ఇంట్లో చివరికి పిల్లలతోనే లెక్క వేయించాను. ఎవరు ఎన్నింటికి లేచి నీళ్లు మార్చాలి, పండక్కి ఊరు పోతే ఎవరు చూడాలి, జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకుపోవాలి, అన్నీ కాగితం మీద రాశారు. మాకు పెరడు ఉంది కాబట్టి ఒక పెట్ట, దాని ఆరు పిల్లలు వచ్చాయి. అపార్టుమెంటులో ఉండేవాళ్లకు బడ్జీల జత సరిపోతుంది. చిలుకల కోసం మిద్దె మీద మట్టిమూకుడులో నీళ్లు, గుప్పెడు జొన్నలు పెడుతున్నాం. చేనులో పొద్దుతిరుగుడు గింజ పట్టే కాలంలో వాటిని తరమడానికి కేకలు పెట్టే మనుషులే, వేసవిలో వాటికి నీళ్లు పెడుతున్నారని మా మామ నవ్వుతాడు. పొద్దున ఏడింటికి ఒక గుంపు వస్తుంది. ఎన్ని వచ్చాయో మా పెద్దది నోటుబుక్కులో రాసుకుంటోంది. నిన్న పదకొండు.