అజ్నాలా బావిలోని ఎముకలు

ప్రియ చదువరీ, 2021వ సంవత్సరము డిసెంబరు మాసమున నీవు మదనపల్లె ప్రాంతమందు ఉండియుంటివేని, ఆ నాలుగు దినములు నీకు జ్ఞాపకముండును. ఆ నెల 8వ తేదీన నీలగిరులలో కూనూరు సమీపమున సైనిక హెలికాప్టరు కూలిపోయెను. త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ గారితో అందులో ప్రయాణము చేసినవారిలో కురబలకోట మండలము ఎగువరేగడ గ్రామస్థులగు లాన్స్ నాయక్ సాయితేజ గారొకరు. మరణవార్త వచ్చెను గాని దేహము రాలేదు. అగ్నిలో కాలిన దేహములను చూచి, ఇతడు ఫలానావాడని చెప్పుట ఎవరికిని సాధ్యము కాలేదు. రక్తసంబంధులనుండి తీసిన మచ్చులతో డి.ఎన్.ఏ.ను సరిచూచి 11వ తేదీన ఆయనను గుర్తించిరి. మరునాడు స్వగ్రామములో సైనిక మర్యాదలతో అంత్యక్రియలు జరిగెను.

నాలుగు దినములని మనము సులభముగా చెప్పుచున్నాము. ఆ యింట కూర్చుండినవారు దినములుగా లెక్కించిరో గడియలుగా లెక్కించిరో మనకేమి తెలియును?

ఆ నాలుగు దినములు ముప్పదియెనిమిది సంవత్సరములైన యిల్లు కూడ ఈ దేశమందు కలదు. 1984వ సంవత్సరము మే 29వ తేదీన సియాచెన్ మంచునేలమీద 19వ కుమావూన్ పటాలమువారి దళమొకటి మంచుచరియ క్రింద చిక్కెను. అప్పుడు జాడ తెలియక పోయినవారిలో లాన్స్ నాయక్ చంద్రశేఖర్ ఒకరు. 2022వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒక పాత బంకరునందు అస్థులు కనబడెను. వాటి ప్రక్కన లోహపు బిళ్ళయొకటి యుండెను. దానిమీద చెక్కిన సైనిక సంఖ్య చెడిపోలేదు. ఆ సంఖ్యనుబట్టియే పేరు తెలిసెను. హల్ద్వానీలో ఆయన భార్య అన్ని యేండ్లును కనిపెట్టుకొని యుండి, ఆ దేహమును చూచెను.

మన పుంగనూరు, కుప్పము వైపులనుండియు బిడ్డలను సైన్యములోనికి పంపిన తలిదండ్రులు లేకపోలేదు. వారెవరైనను దీనిని చదివినయెడల, బిళ్ళయు లేక, సరిచూచుటకు రక్తసంబంధియు లేకపోయిన ఏమి చేయుదురని అడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబు వెదకినవారిలో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. అను జీవశాస్త్ర పరిశోధనాలయమువారు ఉన్నారు. వారి చేతికి వచ్చిన ఎముకలు మాత్రము బహుదూరమునుండి, పంజాబులోని అమృతసరము జిల్లా అజ్నాలా గ్రామమునుండి వచ్చినవి. వాటి కథ కొంచెము నిదానముగా చెప్పవలెను.

1857వ సంవత్సరమున లాహోరు దగ్గర మియాన్‌మీరులో బెంగాలు సైన్యపు 26వ దేశీయ పటాలము ఉండెను. మే నెలలోనే వారి ఆయుధములను తీసివేసిరి. జూలై 30వ తేదీన వారిలో కొందరు తిరుగబడి మేజర్ స్పెన్సరును చంపిరి. అంతట పటాలమంతయు దుమ్ముగాలిలో పారిపోయి రావీనది వెంబడి సాగెను. పంజాబు పల్లెవారికి ఈ సిపాయీలు పరదేశులు. పూర్బియాలు, అనగా తూర్పుదేశపువారు అని వారిని పిలిచెడివారు. ఆకలితోను అలసటతోను నుండిన వీరిలో అనేకులు నదిలో మునిగియు తుపాకి దెబ్బలకును చచ్చిరి. 282మంది పట్టుబడి అజ్నాలా ఠాణాకు తేబడిరి.

అమృతసరము డిప్యూటీ కమీషనరు ఫ్రెడరిక్ కూపరు ఆగస్టు 1వ తేదీన వారిని పదిమంది చొప్పున బయటికి రప్పించి కాల్పించెను. విచారణ లేదు. 237మంది అట్లు చచ్చిన పిమ్మట తక్కినవారు బయటికి రాకపోగా, వారిని మూసియుంచిన బురుజు తలుపు తెరచిరి. లోపల 45మంది ఊపిరాడకయు, వేడిమికిని భయమునకును తాళలేకయు చనిపోయి యుండిరి. అందరిని ఎండిపోయిన బావిలో పడవేసి పూడ్చిరి.

ఇదియంతయు శత్రువులు కల్పించిన కథ కాదు. కూపరే 1858లో అచ్చువేసిన తన గ్రంథములో దీనిని దాచక వ్రాసెను. ఆ దినము ముసల్మానుల బక్రీదు పండుగ. తనతో నుండిన ముసల్మాను రౌతులను పండుగ పేరు చెప్పి అమృతసరమునకు పంపివేసి, సిక్కు సిపాయీలతో తాను నిలిచితిననియు, అక్కడ నుండిన క్రైస్తవుడు తానొక్కడేననియు అతడు చెప్పుకొనెను. చదువరీ, ఈ మాటను నేను ఎన్ని మారులు చదివినను త్వరగా దాటిపోలేకపోతిని. మేజరును చంపినది నిజమే. అంతకు పదునేడు దినముల ముందు కాన్పూరులో ఆంగ్ల స్త్రీలను పసిపిల్లలను చంపి బావిలో వేసిన ఘోరమును నిజమే. కూపరు ఆ బావికి ఈ బావిని జోడుగా చెప్పి తన లెక్క సరిపోయినదనుకొనెను. నాకు అది సరిపోయినట్లు తోచలేదు. ఆ పదిమందిలో ఎవడు మేజరు మీద చేయివేసెనో, ఎవడు గుంపుతో పరుగెత్తెనో అతడు అడుగనేలేదు గదా.

గ్రామస్థులు ఆ స్థలమును కాలియాఁవాలా ఖూహ్ అని పిలిచెడివారు. కాలక్రమమున దానిపై గురుద్వారము వెలసెను. 2014వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన, గురుద్వారమువారును స్థానిక చరిత్రాభిమానులును కలిసి బావిని త్రవ్విరి. పుర్రెలు, ఎముకలు, నాణెములు, పతకములు, తూటాలు బయటపడెను. త్రవ్వినవారి భక్తిని శంకింపలేము గాని, శాస్త్రజ్ఞులు దగ్గర లేనందున ఎముకలనేకము విరిగి కలిసిపోయెను. అటుపిమ్మట వాదము పుట్టెను. ఇవి 1857 నాటి సిపాయీలవని కొందరు, 1947లో దేశ విభజన కల్లోలములో చంపబడినవారివని కొందరు చెప్పిరి. రెండవ మాట నిజమైన యెడల వీరు పంజాబువారై యుండవలెను. కాబట్టి వీరెవరను ప్రశ్న, వీరు ఎక్కడ పుట్టిరను ప్రశ్నగా మారెను.

దానికి సాక్ష్యమిచ్చినవి దంతములు. పంజాబు విశ్వవిద్యాలయపు జె. ఎస్. సెహ్రావత్, సి.సి.ఎం.బి.కి చెందిన కె. తంగరాజ్, వారితోకూడ లక్నో, కాశీ పరిశోధకులును కలిసి పనిచేసిరి. పంటిమీది పింగాణి పొర బాల్యములో ఏర్పడి, ఆ తరువాత మారదు. చిన్నతనమున త్రాగిన నీటి గుర్తు అందులో నిలిచియుండును. నీటిలోని ఆక్సిజనులో తేలికది, బరువైనది అని రకములున్నవి. సముద్రమునకు దూరమునుబట్టియు, ఎత్తునుబట్టియు, ఎండనుబట్టియు వాటి పాళ్ళు ప్రదేశమునకొక విధముగా నుండును. అయితే పుంగనూరు నీటికిని కుప్పము నీటికిని భేదము చెప్పునంత సూక్ష్మముగా ఇది పనిచేయునని తలంపవద్దు. విశాలమైన ప్రాంతమును మాత్రమే చూపును. భాషను అసలే చూపదు. కుప్పము సంతలో తెలుగు, తమిళము, కన్నడము మూడును మాటలాడినవాడు చనిపోయిన యెడల, అతడు ఇంట ఏ భాషలో అమ్మను పిలిచెనో ఎముక చెప్పజాలదు.

రెండవ సాక్షి డి.ఎన్.ఏ. అందులో తల్లినుండి మాత్రమే బిడ్డకు సంక్రమించు భాగమొకటి కలదు. దీనిని పరీక్షించుట ఈ పరిశోధనాలయమువారికి క్రొత్త కాదు. జార్జియా రాణియగు కేతెవాన్ 1624లో పారశీక దేశపు షీరాజు నగరమున, షా అబ్బాసు ఆజ్ఞచొప్పున, క్రీస్తును విడువనొల్లక హింసలపాలై మరణించెను. అగస్టీనియన్ సన్యాసులు ఆమె అస్థులు కొన్నిటిని గోవాకు తెచ్చిరి. అక్కడి పాడుపడిన దేవాలయములో దొరికిన ఎముకను వీరు పరీక్షింపగా, మన దేశస్థులు వేలమందిలో కానరాని గుర్తు అందులో కనబడెను. అదే గుర్తు జార్జియావారిలో కలదు. 2021లో ఆ అస్థి జార్జియాకు అప్పగింపబడెను.

అజ్నాలా దంతములలో 50 మచ్చులకు డి.ఎన్.ఏ. పరీక్షయు, 85 మచ్చులకు నీటి గుర్తు పరీక్షయు చేసిరి. 2022వ సంవత్సరము ఏప్రిలులో ఫలితము ప్రకటించిరి. ఇవి పంజాబువారివి కావు, గంగా మైదానమువారివి. ఆ పటాలములో బెంగాలు, బీహారు, ఒడిస్సా, ఉత్తరప్రదేశపు తూర్పుభాగములవారు ఉండిరన్న చరిత్రతో ఇది ఏకీభవించెను. కూపరు వ్రాసినదానికి అతని చేత చచ్చినవారే 165 సంవత్సరములకు సాక్షులైరి.

రెండవ సమూయేలు గ్రంథములోని రిస్పా నీకు తెలియును. కోతకాలపు ఆరంభమునుండి వర్షము కురియువరకు ఆమె బండమీద గోనెపట్ట పరచుకొని, చంపబడిన తన కుమారుల దేహములను పక్షులును మృగములును తాకకుండ కాచెను. దావీదు ఆ సంగతి విని, సౌలు ఎముకలను యోనాతాను ఎముకలను తెప్పించి వారి పితరుల సమాధిలో పాతిపెట్టించెను. రిస్పాకు తన కుమారులు ఎక్కడ నున్నారో తెలిసియుండెను. అజ్నాలా సిపాయీల తల్లులకు కుమారులు సెలవుమీద రాలేదని మాత్రమే తెలిసియుండును.

శాస్త్రజ్ఞులు 282మందిలో ఒక్కనికైనను పేరు చెప్పలేదు, చెప్పితిమని అతిశయింపనులేదు. చంద్రశేఖర్ గారికి దొరికిన లోహపు బిళ్ళ వీరిలో ఎవనికిని లేదు. గంగాతీరమున ఏ యింటివారిని పిలిచి, ఈ దంతము మీ పూర్వికునిదని చేతిలో పెట్టవలెనో ఆ పరిశోధన తెలుపలేదు.