శిలకెక్కని పేర్లు

ఢిల్లీకి పనుల మీద వచ్చే తెలుగువారికి అశోకా రోడ్ ఒకటో నంబరు ప్రాంగణం కొత్త చోటు కాదు. ఆంధ్రాభవన్‌లో భోజనం ముగించి గేటు దాటితే ఎదురుగా ఇండియా గేట్, ఆ వెనుక జాతీయ యుద్ధ స్మారకం. గ్రానైట్ పలకల మీద స్వర్ణాక్షరాల్లో చెక్కిన పేర్ల మధ్య తమవాడి పేరును వేలితో వెతుక్కునే కుటుంబాలు అక్కడ తరచూ కనిపిస్తాయి. ప్రతి సాయంత్రం ఒక అమరుడి రక్తసంబంధీకులను ఆహ్వానించి, వారి చేత పుష్పగుచ్ఛం ఉంచే సంప్రదాయమూ అక్కడ కొనసాగుతోంది. పేరు దొరికిన కుటుంబానికి అది తీర్థయాత్ర. కానీ తాత పేరు ఆ గోడల మీద ఎన్నటికీ దొరకని కుటుంబాలున్నాయి. ఆయన పోరాడనందువల్ల కాదు. 1947 ఆగస్టు 15కు ముందు మరణించినందువల్ల.

ఈ వైరుధ్యం భారత పారాచూట్ దళాల చరిత్రలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. ఎందుకంటే ఆ చరిత్ర మొదలైంది ఢిల్లీలోనే. 1941 అక్టోబరులో 50వ భారత పారాచూట్ బ్రిగేడ్ ఇక్కడే ఏర్పడింది. విల్లింగ్డన్ విమానాశ్రయంలో, అంటే ఈనాటి సఫ్దర్‌జంగ్‌లో, శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పారు. అదే ఏడాది వైద్యాధికారి ఎ.జి. రంగరాజ్, హవల్దార్ మేజర్ మథురా సింగ్ పారాచూట్‌తో దూకిన తొలి భారతీయులయ్యారు. బ్రిగేడ్‌లో మూడు బెటాలియన్లు: ఒకటి బ్రిటిష్, ఒకటి భారతీయ, ఒకటి గూర్ఖా.

ఆకాశం నుంచి దూకడానికి శిక్షణ పొందిన ఆ సైనికులు తమ అతి పెద్ద యుద్ధాన్ని నేల మీదే చేయవలసి వచ్చింది. 1944 మార్చిలో బ్రిగేడ్ మణిపూర్‌లోని ఉఖ్రుల్ కొండల్లో ఉంది. కోహిమా వైపు కదులుతున్న జపాన్ 31వ డివిజన్ దళాలు ఎవరూ ఊహించని మార్గంలో వచ్చి దాని మీద పడ్డాయి. ఒక కొండ మీద కాపలా ఉన్న 152వ భారత బెటాలియన్ కంపెనీ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మిగిలినవారు సాంగ్‌షాక్ గ్రామానికి చేరి, చర్చి పరిసరాల్లోని ఇరుకైన గుట్ట మీద మార్చి 26 వరకు నిలబడ్డారు. అడ్డుగా వేయడానికి ముళ్ల తీగ లేదు. తవ్వితే మూడడుగుల్లోనే రాయి. తాగడానికి నీరు లేదు. విమానాలు జారవిడిచిన సరకుల్లో చాలా భాగం శత్రువుల చేతికే చిక్కింది. దాదాపు 600 మంది చనిపోయారు, గాయపడ్డారు, లేదా గల్లంతయ్యారు. యుద్ధం ముగిశాక బ్రిగేడ్‌కు దక్కింది ప్రశంస కాదు, నింద. దాని కమాండర్‌ను తప్పించారు. సాంగ్‌షాక్‌లో జపాన్ సేనలు పోగొట్టుకున్న ఆ రోజులే కోహిమా, ఇంఫాల్‌ల రక్షణకు ఊపిరిచ్చాయన్న అంగీకారం ఆ తర్వాతే వచ్చింది.

ఆ నింద భారం మోసినవారిలో కుటుంబాలూ ఉన్నాయి. ఆనాటి సైనిక కుటుంబాల్లో ఒక మనిషి చరిత్ర మొత్తం ఒకే వాక్యంలో ముగిసేది: బర్మా యుద్ధానికి పోయాడు, తిరిగి రాలేదు. ఏ కొండ మీద, ఏ దళంలో, ఎవరి కోసం అన్న ప్రశ్నలకు జవాబు చెప్పేవారు లేరు. స్వాతంత్ర్యోద్యమం ఊపు మీదున్న కాలంలో తెల్లవాడి సైన్యంలో చచ్చినవాడి గురించి గర్వంగా చెప్పుకోవడమూ సులభం కాలేదు.

మూడేళ్లు తిరిగేసరికి అదే 50వ పారాచూట్ బ్రిగేడ్ స్వతంత్ర భారత సైన్యంగా కశ్మీర్‌లో నిలిచింది. దాని కమాండర్ బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్. విభజన వేళ తన బలూచ్ రెజిమెంట్ పాకిస్థాన్‌కు వెళ్లినా, ఆయన భారతదేశాన్నే ఎంచుకున్నారు. 1948 ఫిబ్రవరిలో నౌషేరాను కాపాడారు. ఝంగర్‌ను తిరిగి గెలిచేదాకా మంచం మీద పడుకోనని శపథం చేసి, మార్చిలో దాన్ని నెరవేర్చుకున్నారు. జులై 3న ఫిరంగి గుండు తగిలి ఝంగర్‌లోనే మరణించారు. జామియా మిలియా వద్ద జరిగిన అంత్యక్రియలకు ప్రధాని నెహ్రూ హాజరయ్యారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. ఉస్మాన్ అవివాహితుడు. భార్యాబిడ్డలు లేని ఆయనకు పారాచూట్ దళమే కుటుంబమైంది. ఆ సమాధి వద్ద ఏటా నివాళి అర్పిస్తోంది. 2020 చివర్లో సమాధి ఫలకం ధ్వంసమైనట్లు వార్తలు వచ్చినప్పుడు, దాన్ని బాగుచేయడానికి ముందుకొచ్చింది కూడా సైన్యమే.

సాంగ్‌షాక్‌లో మరణించినవారిదీ, ఝంగర్‌లో మరణించినవారిదీ ఒకే బ్రిగేడ్. వారి మధ్య ఎడం నాలుగేళ్లు. రెజిమెంట్ దృష్టిలో అది తెగని దారం. రాజ్యం దృష్టిలో మాత్రం ఇద్దరి మధ్య ఒక గోడ ఉంది.

ఆ గోడకు ఇవతల ఉన్నవారి జ్ఞాపకం కూడా సమంగా లేదు. 1950 నవంబరులో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ కొరియా చేరింది. దాని అధిపతి అదే రంగరాజ్, అప్పటికి లెఫ్టినెంట్ కల్నల్. ప్యాంగ్యాంగ్ నుంచి ఐక్యరాజ్యసమితి సేనలు వెనుదిరిగినప్పుడు ఆయన దళానికి వాహనాలు లేవు. వైద్య పరికరాలను వదిలిపెట్టడానికి ఇష్టపడక, ఒక రైలింజన్‌ను సంపాదించి, మనుషులు వరుసగా నిలబడి బకెట్లతో బాయిలర్‌లో నీళ్లు నింపి, తామే నడుపుకుంటూ దక్షిణానికి చేరారు. 1951 మార్చి 23న అమెరికన్ పారాట్రూపర్లతో పాటు ఈ దళం నుంచి 12 మంది మున్సాన్ వద్ద దూకి క్షతగాత్రులకు చికిత్స చేశారు. తుపాకీ పేల్చకుండా రెండు మహావీర చక్రలు సంపాదించిన ఆ దళం పేరు ఇక్కడి పాఠ్యపుస్తకాల కన్నా సియోల్‌లో ఎక్కువ వినిపిస్తుంది. ఢిల్లీ కంటోన్మెంట్‌లో వారి సేవను స్మరించే భారత-కొరియా మైత్రీ పార్కు ప్రారంభమైంది 2021లో, ఏడు దశాబ్దాల తర్వాత.

ఇక టాంగైల్. 1971 డిసెంబరు 11 సాయంత్రం లెఫ్టినెంట్ కల్నల్ పన్నూ నాయకత్వంలో 2 పారా బెటాలియన్ సైనికులు దాదాపు 700 మంది ఇప్పటి బంగ్లాదేశ్‌లో దూకారు. పూంగ్లీ వంతెనను పట్టుకుని ఢాకా వైపు వెనుదిరుగుతున్న పాక్ దళాల దారిని మూసేశారు. డిసెంబరు 16న ఢాకాలో మొదట అడుగుపెట్టిందీ వారే. ప్రపంచ పత్రికల్లో అచ్చయిన చిత్రం మాత్రం ఆనాటి దూకుడుది కాదు, అంతకు ముందటి ఒక విన్యాసానిది. సైనిక ప్రచార విభాగంలో పనిచేసిన రామమోహన్ రావు ఆ తర్వాత ఈ విషయాన్ని స్వయంగా వివరించారు. ఆ చిత్రం చూసి ఒక బ్రిగేడే దిగిందని శత్రువు భ్రమపడ్డాడు. యుద్ధానికి అది మేలు చేసింది. కానీ ఆ కుటుంబాలు చరిత్రలో చూసే ప్రసిద్ధ చిత్రంలో వారి తండ్రులు టాంగైల్ ఆకాశంలో లేరు. రాజ్యానికి కావలసింది చిత్రం; కుటుంబానికి కావలసింది మనిషి.

అందుకే స్మారకాల రాజకీయం కేవలం రాళ్ల గొడవ కాదు. ఇండియా గేట్ మీద ఉన్నవి మొదటి ప్రపంచ యుద్ధం, అఫ్గాన్ యుద్ధాల నాటి 13 వేలకు పైగా పేర్లు. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో నాటికి ఉన్నవి 25,942 పేర్లు, అన్నీ స్వాతంత్ర్యానంతరానివే. రెండో ప్రపంచ యుద్ధంలో మరణించిన దాదాపు 87 వేల మంది అవిభక్త భారత సైనికులు ఈ రెండింటి మధ్య ఖాళీలో మిగిలారు. వారి జ్ఞాపకం ఢిల్లీ కంటోన్మెంట్‌లోని యుద్ధ శ్మశానంలో, ఇంఫాల్‌లో, రంగూన్ సమీపంలోని తౌక్యాన్‌లో ఉంది. కామన్వెల్త్ సంస్థ సంరక్షణలో ఉంది. 2022 జనవరి 21న అమర జవాన్ జ్యోతిని కొత్త స్మారకంలోని జ్యోతితో కలిపినప్పుడు, ఇండియా గేట్ పేర్లు వలస పాలన నాటివని ప్రభుత్వ వర్గాలు వాదించాయి. వలస పాలన ఎవరిదన్నది చరిత్ర ప్రశ్న. చనిపోయిన కొడుకు ఎవరివాడన్నది చరిత్ర ప్రశ్న కాదు.

ఈ ప్రశ్నకు తెలుగు నేల మీద ఒక జవాబుంది. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరానికి మిలటరీ మాధవరమని పేరు. రెండు ప్రపంచ యుద్ధాలకూ, ఆ తర్వాతి యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరది. పిల్లలకు మేజర్, కెప్టెన్ అని పేర్లు పెట్టుకునే ఊరది. ఢిల్లీ అమర జవాన్ జ్యోతిని తలపించే స్మారకాన్ని నిర్మించుకున్న ఆ ఊరికి, తమవాళ్లను 1947కు ముందువారు, తరువాతివారు అని విడదీయాలని తోచలేదు.

ఒక ఊరికి సాధ్యమైనది రాజధానికి అసాధ్యం కాకూడదు. సామ్రాజ్యాన్ని కీర్తించకుండానే ఆ సామ్రాజ్యపు సిపాయిని స్మరించవచ్చు. అశోకా రోడ్ నుంచి నడిచి వచ్చి గ్రానైట్ గోడల ముందు నిలబడే మనవడికి తాత ఏ జెండా కింద మరణించాడో తెలుసు. అతడు అడుగుతున్నది జెండా కాదు, పేరు.