గాల్లో వచ్చిన గొంతు

మొన్న సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చిన మా అబ్బాయి, తన గదిలో ఉన్న కంప్యూటర్లోంచి హాల్లో ఉన్న పాత స్టీరియోలోకి పాట పంపించాడు. మధ్యలో ఒక్క తీగ లేదు. నేను గరిటె చేత్తో పట్టుకునే వంటింట్లోంచి వచ్చి చూశాను. అత్తయ్య మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. "ఇందులో వింతేముందే? మా రోజుల్లో బెజవాడ నుంచి ప్రత్తిపాడు దాకా తీగ లేకుండానే వచ్చేదిగా!" అన్నారు.

ఆవిడ అన్నది నిజమే. మనం కొత్త అనుకున్నది మన పెద్దవాళ్ళకి పాతదే.

తీగ లేకుండా కబురు పంపొచ్చని మన దేశంలో చూపించినవారు జగదీశ్ చంద్ర బోసు. 1895లో కలకత్తాలో ఒక చోట యంత్రం పెట్టి, గోడల అవతల గంట మోగించారు, మందుగుండు పేల్చారు. పాటల సంగతి మాత్రం మనవైపు మద్రాసులో మొదలైంది. 1924లో కొందరు ఔత్సాహికులు రేడియో క్లబ్బు పెట్టుకుని ప్రసారాలు చేశారు. డబ్బు చాలక వాళ్ళు ఆపేస్తే 1930లో మద్రాసు కార్పొరేషన్ ఆ పని అందుకుంది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. అటు హైదరాబాదులో 1935 నుంచి దక్కన్ రేడియో ఉండేది. మన కోస్తా వాళ్ళకి సొంత కేంద్రం మాత్రం 1948 డిసెంబర్ 1న విజయవాడలో మొదలైంది.

అత్తయ్య చిన్నప్పుడు వాళ్ళ పుట్టింటి ఊళ్ళో రేడియో ఒక్కటే, పంచాయితీ ఆఫీసులో. దానికి తగిలించిన మైకు గొట్టంలోంచి ఊరంతా వినేది. సాయంత్రం మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని వ్యవసాయం కబుర్లు, ధరవరలు వింటుంటే, ఆడవాళ్ళు తలుపు వెనక నుంచి వినేవారట. "పాట వచ్చేసరికి మాకు వంట టైమయ్యేది" అంటారు అత్తయ్య, ఇప్పటికీ కొంచెం కోపంగానే.

పెళ్ళయ్యాక, మిరప బాగా పండిన ఒక ఏడు మావయ్యగారు రేడియో కొన్నారు. ఇంటి మీద వలలాంటి ఏరియల్ కట్టారు. రేడియో ఉంటే సరిపోదు, దానికి లైసెన్సు ఉండాలి. 1933 నాటి చట్టం అది. ఏటా పోస్టాఫీసుకి వెళ్ళి రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980ల మధ్యలో గాని ఆ బాధ తప్పలేదు. ఆ పుస్తకం ఇప్పటికీ మా బీరువాలో పొలం కాగితాల పక్కన ఉంది. పాట వినడానికి పన్ను కట్టేవాళ్ళమంటే మా అబ్బాయి నమ్మలేదు, తెచ్చి చూపించాల్సి వచ్చింది.

పొద్దున్నే భక్తిరంజని. ఆ కార్యక్రమాన్ని తీర్చిదిద్దినవారు బాలాంత్రపు రజనీకాంతరావుగారు. ప్రతి ఇంట్లోనూ అదే మోగేది కాబట్టి వీధిలో నడిచి వెళ్తున్నా ఒక్క చరణం పోయేది కాదు. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీగారి ధర్మసందేహాలు. మావయ్యగారికి ఆయన గొంతంటే ప్రాణం. టూ-ఇన్-వన్ కొన్నాక రేడియోలో వచ్చేవన్నీ క్యాసెట్లలోకి ఎక్కించేవారు.

తర్వాత టీవీ వచ్చింది, కంప్యూటర్ వచ్చింది. పాటలు ఎక్కువయ్యాయి గాని హాలు మూగబోయింది. మా వారి ఫోన్ మా వారిది, పిల్లవాడి హెడ్‌ఫోన్ పిల్లవాడిది. భోజనానికి పిలిచినా ఎవరూ పలకరు.

మళ్ళీ ఇన్నాళ్ళకి హాల్లోకి పాట వచ్చింది బ్లూటూత్ వల్ల. దీన్ని 1994లో స్వీడన్‌లో ఎరిక్సన్ కంపెనీ ఇంజినీర్లు మొదలుపెట్టారు. పేరేమో విడివిడిగా ఉన్న తెగలను కలిపిన పదో శతాబ్దపు డెన్మార్క్ రాజుది. దాని మీద స్టీరియో పాటలు పంపే పద్ధతి 2003లో ఖాయమైంది. 2004లో ఆపిల్ కంపెనీ కంప్యూటర్ పాటల్ని వైఫై మీద ఇంటి స్టీరియోకి చేర్చే చిన్న పెట్టెని తెచ్చింది.

మా ఇంట్లో ఏర్పాటు ఇంకా సులువు. కంప్యూటర్‌కి ఒక చిన్న యూఎస్‌బీ ముక్క, స్టీరియో వెనక ఎర్ర, తెల్ల రంధ్రాల్లోకి ఒక రిసీవర్, అంతే. అయినా తిప్పలు తప్పలేదు. ఒకరోజు పూజ వేళకి పై వాటాలో కుర్రాడి ఫోన్ మా స్టీరియోకి తగులుకుని సినిమా పాట అందుకుంది! ఇంకోరోజు ఊరికే తెగిపోతుంటే, మధ్యలో ఉన్న ఇనప బీరువా వల్లని తేలింది. విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్, అంటే ఒక్కో తరంగం 358 మీటర్ల పొడవు. పెద్ద స్తంభం నుంచి బోలెడు శక్తితో కృష్ణ దాటి వచ్చేది. బ్లూటూత్ తరంగం జానెడు కూడా ఉండదు, పన్నెండు సెంటీమీటర్లు. శక్తీ బహు తక్కువ. బీరువా దగ్గరే అలిసిపోతుంది. పక్కకి జరిపాం.

ఇదంతా ఎందుకంటే, మావయ్యగారి క్యాసెట్ల కోసం. ఆయన పోయి ఎనిమిదేళ్ళు. టేపులు బూజు పడుతున్నాయని టూ-ఇన్-వన్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ నీలం రంధ్రానికి తీగ కలిపి అబ్బాయి ఎక్కించాడు. గంట క్యాసెట్‌కి గంటా పట్టేది. మీ ఇంట్లోనూ అలాంటివి ఉంటే ఆలస్యం చెయ్యకండి, టేపు మనకోసం ఆగదు.

ఒక క్యాసెట్లో ఉషశ్రీగారి మాటల మధ్య మావయ్యగారి కేక పడింది. మొదట హెడ్‌ఫోన్‌లో అత్తయ్యకి వినిపించాం. రెండు నిమిషాల్లో తీసేశారు. "చెవిలో గుసగుసలాడినట్టుంది. ఆయన ఏనాడు అలా మాట్లాడారు? హాల్లోంచి అరిచేవారు" అన్నారు.

అందుకే ఈ స్టీరియో. బీరువా జరిపిన మర్నాడు, చెప్పకుండా ఆ క్యాసెట్ పెట్టాం. అత్తయ్య వంటింట్లో నా పక్కన కూర్చుని చిక్కుళ్ళు వలుస్తున్నారు. ఉషశ్రీగారు చెబుతూ చెబుతూ ఉండగా, హాల్లోంచి మావయ్యగారు గట్టిగా, "ఏమేవ్, మబ్బేసింది, కల్లంలో కాయలు ఎత్తారా లేదా?" అన్నారు.

అత్తయ్య తల ఎత్తకుండానే, "ఆఁ, ఎత్తాం లెండి" అన్నారు.