డేరా హాల్లో నేల టిక్కెట్టు

రెండు పుల్లలు లోపలికి నెట్టరా చిన్నోడా, మంట ఆరిపోతోంది. అమ్మలూ, ఆ దుప్పటి కప్పుకుని ఇటు జరుగు. డేరా హాలు ఎట్టా ఉండేదో చెప్పమన్నారుగా, చెప్తా వినండి.

మాది రేపల్లెకి ఇవతల పల్లెటూరు. అప్పటికి ఊళ్ళో కరెంటు లేదు. కుప్పనూర్పిళ్ళు అయిపోయాక ఏటా టూరింగ్ టాకీసు వచ్చేది. వానాకాలంలో డేరా నిలవదు, దారంతా బురద. పైగా నూర్పిళ్ళు అయితేనే మాలాంటి కూలోళ్ళ ఇళ్ళల్లో నాలుగు గింజలుంటయ్, చేతిలో నాలుగు డబ్బులాడతయ్. ఆ సంగతి డేరా వాళ్ళకి బాగా తెలుసు. డేరా గుడ్డ, గుంజలు, తెర, మిషను, ఆయిల్ ఇంజను, బెంచీలు, అన్నీ బళ్ళమీద వచ్చేవి. చెరువుగట్టు పక్క ఖాళీ స్థలంలో గుంజలు పాతుతుంటే పిల్లలం అన్నాలు మానేసి అక్కడే నిలబడేవాళ్ళం.

మర్నాటి నించి ఊళ్ళో ప్రచారం. ఎడ్లబండికి రెండు పక్కలా వాల్‌పోస్టర్లు కట్టి, లోపల మైకు పట్టుకుని ఒకాయన కూచునేవాడు. ఆయన గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నేడే చూడండి! ఆలసించిన ఆశాభంగం!" అంటూ గులాబీ కాగితాలు గాల్లోకి విసిరేవాడు. బండి వెనక పరిగెత్తి ఏరుకునేవాళ్ళం. చదవడం రానివాళ్ళు కూడా ఏరుకునేవాళ్ళు. ఇంటికి తెచ్చి, చదువొచ్చిన వాళ్ళెవరన్నా కనపడితే చదివించుకునేవాళ్ళు.

పొద్దుగూకేసరికి గుంజకి కట్టిన లౌడ్‌స్పీకర్లో రికార్డులు మొదలయ్యేవి. అవి వింటూనే ఆడాళ్ళు వంటలు తెమిల్చేవాళ్ళు. ఆఖర్న ఘంటసాల గారు పాడిన వెంకటేశ్వరస్వామి పాట వేస్తే టిక్కెట్లు ఇస్తున్నారని లెక్క. ఇంక చూడండి పరుగులు! పక్క పల్లెల వాళ్ళు చేలగట్ల మీద లాంతర్లు పట్టుకుని బారులుగా వచ్చేవాళ్ళు. దూరాన బళ్ళు వస్తున్నట్టు కనపడితే, డేరా ఆయన ఇంకో రెండు రికార్డులు వేయించేవాడు. బళ్ళు దిగి అందరూ లోపలికొచ్చాకే ఆట మొదలు.

టిక్కెట్లు ఇచ్చే చోట రెండు తడికల మధ్య సన్నటి సందు. చివర చెయ్యి పట్టేంత కన్నం. మగాళ్ళకో సందు, ఆడాళ్ళకో సందు. నేల పావలా, బెంచీ ఆరణాలు, కుర్చీ పన్నెండణాలు. మా అమ్మ పొద్దస్తమానం నాట్లేస్తే రూపాయి కూలి రాని రోజులవి. అందుకని డేరా ఉన్నన్నాళ్ళూ ఏ సినిమాకి పోవాలో, దేన్ని వదులుకోవాలో ఇంట్లో పెద్ద చర్చే నడిచేది.

మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. ఆ వారంలోనే, ఏప్రిల్ 1న, నయాపైసలు వచ్చినయ్. సినిమా మా ఊరు వచ్చేసరికి మరుసటి సంవత్సరం నూర్పిళ్ళయినయ్. అప్పటికీ జనానికి కొత్త డబ్బులు అలవాటు కాలేదు. పాత డబ్బులు, కొత్త డబ్బులు రెండూ చెల్లేవి. అణాకి ఆరు పైసలు, బేడకి పన్నెండు, మూడణాలకి పందొమ్మిది, పావలాకి పాతిక. కన్నం అవతల కూచున్నాయన ఆ లెక్క ఎక్కం చెప్పినట్టు గట్టిగా చెప్తుండేవాడు. మా అమ్మ పమిట కొంగు ముడి విప్పి, అణాలూ పైసలూ కలిపి అరచేతిలో పోస్తే, ఆయనే లెక్కపెట్టి తీసుకుని మిగిలినవి తిరిగి గుప్పెట్లో పెట్టేవాడు. ఒక్క పైసా ఎక్కువ తీసుకోలేదని మా అమ్మ ఎప్పుడూ చెప్పేది.

లోపల తెర ముందు ఇసక. అదే నేల. దాని వెనక బెంచీలు, అన్నిటికన్నా వెనక మడత కుర్చీలు. మధ్యలో నిలువునా తడిక, అటు మగాళ్ళు, ఇటు ఆడాళ్ళు. పిల్లలం ఇసక కుప్పగా పోసుకుని దానిమీద ఎక్కి కూచునేవాళ్ళం. వెనకున్న అమ్మమ్మలు అరిస్తే మళ్ళీ చదును చెయ్యాల్సిందే. మొదట స్లైడ్లు వేసేవాళ్ళు. తర్వాత ప్రభుత్వం వారి న్యూస్‌రీలు. నెహ్రూ గారు నడవడం, మాట్లాడటం నేను మొదటిసారి చూసింది ఆ ఇసకలో కూచునే. గాంధీగారి పక్కన ఉండేది ఈయనేనని మా అయ్య తడిక సందులోంచి మాకు చెప్పాడు.

ఒక్కటే మిషను కాబట్టి చుట్ట అయిపోగానే ఆట ఆగేది. దీపాలు వెలిగేవి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుద్ది. అట్టాంటివి కొన్ని కలిపి పెద్ద చక్రానికి చుట్టేవాళ్ళు. మాయాబజార్ మూడు గంటల పైన సినిమా కదా, మా డేరాలో మూడు నాలుగు ఇంటర్వెళ్ళు వచ్చినయ్. ఎవరికీ విసుగు లేదు. వేయించిన శనక్కాయలు, మరమరాలు, పకోడీలు, గోలీసోడా అమ్మేవాళ్ళు వరసల్లోకి వచ్చేవాళ్ళు. ఈలోగా వెనకున్న చదువుకున్నాయన అప్పటిదాకా జరిగిన కథంతా ముసలివాళ్ళకి విడమరిచి చెప్పేవాడు. ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్డూలు ఎగిరి లోపలికి పోయినయ్ చూడండి, అక్కడ డేరా మొత్తం ఒక్కసారే కేక పెట్టింది. ఆ ఫొటోగ్రఫీ చేసింది మార్కస్ బార్‌ట్లే అనే ఆయనని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. ఆ రాత్రికి మాత్రం అది ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్.వి.రంగారావు గారి మహిమే.

మా పెదనాన్న కొడుకు ఆపరేటర్ దగ్గర సాయంగా ఉండేవాడు. అన్న వెంట ఓసారి మిషను గదిలోకి పోయా. లోపల ఒకటే ఉడుకు. మిషను వెనక పెట్టెలో రెండు కార్బన్ కడ్డీలు మొనలు ఎదురెదురుగా పెట్టి, వాటి మధ్య మంట వెలిగించేవాళ్ళు. కళ్ళు చెదిరే తెల్లటి వెలుగు. ఆ వెలుగే బొమ్మని తెరమీదికి తోసేది. కడ్డీలు కాలి అరిగేకొద్దీ దగ్గరికి జరపాలి. ఆపరేటర్ కాస్త ఏమరుపాటుగా ఉంటే తెర పచ్చబడి మసకేసేది, వెంటనే నేలనించి ఈలలు. రీలు తెగితే అన్న బ్లేడుతో అంచు గీకి, ఘాటైన జిగురు రాసి, వేళ్ళతో నొక్కిపట్టి ఊదేవాడు. ఆ ప్రింట్లు పట్నాల్లో ఆడీ ఆడీ ఆఖర్న మా దగ్గరికొచ్చేవి. దుమ్ము రేణువులు గీసుకుని రీలంతా నిలువు గీతలు. తెరమీద ఎప్పుడూ వాన కురుస్తున్నట్టే ఉండేది. విజయవాడ గాంధీనగర్లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల నించి పెట్టె బయల్దేరి తెనాలి, రేపల్లె రైల్లో రావాలి. స్టేషన్ నించి అన్న సైకిల్ మీద తెచ్చేవాడు. రైలు ఆలస్యమైతే ఊరంతా డేరా ముందు కూచుని, "పెట్టె వచ్చిందా?" అని ఒకటే వాకబు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి, ఇది మీ పుస్తకాల్లో ఉండకపోవచ్చు.

మా ఇల్లు మాలపల్లెలో. ఊరి మంచినీళ్ళ బావిలో మేం చేద వెయ్యకూడదు. గట్టు కింద నిలబడితే, ఎవరన్నా పైనించి పోస్తే పట్టుకోవాలి. టీ కొట్లో మా గ్లాసులు వేరు. గుడి గడప మేం ఎరగం. అట్టాంటి ఊళ్ళో డేరా హాలు గుమ్మం దగ్గర గేటుమనిషి అడిగింది ఒకటే మాట, "టిక్కెట్టేది?" అని. ఎవరింటి పిల్లవి, ఏ వాడ అని అడగలా. పన్నెండణాలు పెట్టినోళ్ళకి కుర్చీ, పావలా పెట్టినోళ్ళకి నేల, అంతే. నేలమీదకొచ్చిన వాళ్ళు ఏ కులమైనా ఒకటే ఇసకలో కూచోవాలి. డబ్బున్నోళ్ళూ లేనోళ్ళూ అనే తేడా ఉంది, కాదనను. కానీ మా అమ్మ పావలా, ఇంకొకరి పావలా ఒకే విలువ చేసింది ఆ ఊళ్ళో ముందు అక్కడే.

లవకుశ 1963లో వచ్చింది. తెలుగులో పూర్తిగా రంగుల్లో తీసిన మొదటి సినిమా అది. అదే కథని 1934లో తీసిన సి.పుల్లయ్య గారే మళ్ళీ మొదలుపెడితే, ఆయన కొడుకు సి.ఎస్.రావు గారు పూర్తిచేశారు. కలిగినోళ్ళు బళ్ళు కట్టుకుని, అన్నం మూటలతో పట్నం పోయి చూసొచ్చారు. మాకు డేరా వచ్చేదాకా ఆగక తప్పలా. ఆ రాత్రి ఆడాళ్ళ వైపు ఇసకేస్తే రాలనంత జనం. బెంచీలు నిండిపోయి, పెద్దింటి కోడలొకామె నేలమీదికొచ్చి మా అమ్మ పక్కనే కూలబడింది. మా చెల్లెలు అప్పుడు పాలుతాగే పిల్ల. సీతమ్మని అడవిలో వదిలేసే ఘట్టంలో అంజలీదేవి గారిని చూసి ఆడాళ్ళంతా వెక్కివెక్కి ఏడుస్తున్నారు. మా అమ్మ కళ్ళు తుడుచుకునేందుకు చెయ్యి తీస్తే, చెల్లెలు నిద్రలో పక్కకి జారింది. ఆ కోడలు పట్టుకుని తన ఒళ్ళో పడుకోబెట్టుకుంది. రీలు అయిపోయి దీపాలు వెలిగినా తియ్యలా. ఆట అయ్యాక పిల్లని అందిస్తూ, "చలిగా ఉంది, తలకి గుడ్డ కట్టు" అంది.

తెల్లారి బావి దగ్గర మళ్ళీ మామూలే. ఆమే పైనించి పోసింది, మా అమ్మ కింద నిలబడి పట్టుకుంది. సినిమా హాలు ఊరిని మార్చేసిందని మీకు అబద్ధం చెప్పను. బావి గట్టు ఎక్కడానికి మావాళ్ళు కొట్లాడాల్సొచ్చింది, దెబ్బలు తినాల్సొచ్చింది, అంబేద్కర్ గారు రాసిన రాజ్యాంగం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాల్సొచ్చింది. కానీ ఆ రోజు ఇంటికొచ్చాక మా అమ్మ మా అయ్యతో అంది, "పక్కన కూచుంటే ఆమెకేం కాలేదు, నాకేం కాలేదు. ఇంక గట్టు కింద నిలబడేదెందుకు?" అని. మా ఇంట్లో ఆ ప్రశ్న వినడం నాకు అదే మొదలు.

తర్వాత ఊళ్ళోకి కరెంటొచ్చింది, పక్కా హాలు కట్టారు. 1974లో అల్లూరి సీతారామరాజు సినిమాస్కోపులో వస్తే, దానికోసం హాలాయన తెర వెడల్పు చేయించాడు. మీ తాతయ్యా నేనూ అందులోనే చూశాం. ఇప్పుడది ఫంక్షన్ హాలు. రీళ్ళ పెట్టెలు పోయినయ్, కార్బన్ కడ్డీలు పోయినయ్. పోతే పోయినయ్, వాటికోసం నాకు బాధ లేదు. మొన్న మీ నాన్న విజయవాడలో పెద్ద హాలుకి తీసుకెళ్ళాడు. మెత్తటి కుర్చీ, గీత లేని బొమ్మ, చల్లటి గాలి. నా వయసు వాళ్ళకి హాయిగానే ఉంది. నేను వెతికింది మాత్రం నేల టిక్కెట్టు. ఇంటిల్లిపాదీ కూలి చేసుకునే వాళ్ళు ఆ టిక్కెట్టు, ఆ పేలాల డబ్బా కొని పిల్లల్ని కూచోబెట్టాలంటే ఎన్ని రోజుల కూలి కావాలో లెక్కేసి చూడండి. గుమ్మం దగ్గర కులం అడగట్లేదు, మంచిదే. అడగాల్సిన అవసరం లేకుండా రేటే వాళ్ళని బయట నిలబెడుతోంది.

మనింటి ఎదర మేడ కడుతున్నారే, అక్కడ శ్రీకాకుళం నించి పనికొచ్చిన వాళ్ళ పిల్లలు ఇద్దరున్నారు. పండక్కి సినిమాకి పోయేటప్పుడు వాళ్ళమ్మని అడిగి ఆ ఇద్దరినీ వెంట తీసుకెళ్ళండి. టిక్కెట్టు డబ్బులు నేనిస్తా. ముందు వరసలో విడిగా కాదు, మీ మధ్యలో కూచోబెట్టుకోండి. ఇంటర్వెల్లో మీరేం తింటే వాళ్ళకీ అదే కొనిపెట్టండి.