రాంనగర్ పక్కన పాత జైలు, క్షమాభిక్ష చరిత్ర

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

రాంనగర్ హాస్టల్ నుంచి మేము రోజూ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి నడిచిపోతాం. ఆర్టికల్ 72 అంటే రాష్ట్రపతి క్షమాభిక్ష, 161 అంటే గవర్నర్ క్షమాభిక్ష అని బట్టీ పట్టినం. పరీక్షలో ఒక మార్కు. ఆ మార్కు వెనక ఉన్న చరిత్ర మనకు ఇంత దగ్గర్లో జరిగిందని మాకు మొన్నటిదాకా తెల్వదు.

ముషీరాబాద్‌లో ఇప్పుడు గాంధీ ఆస్పత్రి ఉన్న జాగాలో ఒకప్పుడు జైలు ఉండేది. 1975 డిసెంబర్ 1న అక్కడ భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీసిన్రు. ఇద్దరూ మన ఆదిలాబాద్ జిల్లా రైతులు. నక్సలైట్ ఉద్యమంలో పనిచేసి, హత్య కేసులో ఉరిశిక్ష పడినవాళ్లు. అప్పుడు ఎమర్జెన్సీ నడుస్తోంది. క్షమాభిక్ష అడిగితే రాష్ట్రపతి తిరస్కరించారు. ఉరి ఆపమని ఎందరో కోరినా ఆగలేదు.

అంతకుముందే వాళ్ల కేసు సుప్రీంకోర్టుకు పోయింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. రాష్ట్రపతి నిర్ణయంలో మేం జోక్యం చేసుకోలేమని కోర్టు చెప్పింది. కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది. రాజ్యాంగం ఇచ్చిన అధికారమైనా ఇష్టమొచ్చినట్టు, దురుద్దేశంతో వాడకూడదు. ఒకసారి పిటిషన్ తిరస్కరించినంత మాత్రాన మళ్లీ పరిశీలించే అధికారం పోదు. ఈ మాటలు ఆ ఇద్దరినీ కాపాడలేదు. కానీ చట్టంలో నిలిచిపోయినయి.

తర్వాత 1980లో మారూరామ్ కేసులో కోర్టు, రాష్ట్రపతి తన సొంత ఇష్టంతో కాదు, మంత్రిమండలి సలహా ప్రకారమే నిర్ణయించాలని చెప్పింది. 1988లో కేహర్ సింగ్ కేసులో, కోర్టు తీర్పు వచ్చినంక కూడా రాష్ట్రపతి సాక్ష్యాలను మళ్లీ చూసుకోవచ్చని చెప్పింది.

అసలు మలుపు మళ్లీ మన ఉమ్మడి రాష్ట్రం నుంచే వచ్చింది. కర్నూలు జిల్లాలో హత్య కేసులో పదేళ్ల శిక్ష పడిన ఒకాయనకు మిగిలిన శిక్షను గవర్నర్ మాఫీ చేశారు. ఆయన భార్య అధికార పార్టీ ఎమ్మెల్యే. చనిపోయిన మనిషి కొడుకు ఏపూరు సుధాకర్ సుప్రీంకోర్టుకు పోయిండు. ఖైదీ మంచి కాంగ్రెస్ కార్యకర్త అని కూడా అధికారి రిపోర్టులో రాసి ఉంది! 2006 అక్టోబర్ 11న జస్టిస్ అరిజిత్ పసాయత్, జస్టిస్ ఎస్.హెచ్. కపాడియా ఆ మాఫీని కొట్టేశారు. కులం, మతం, పార్టీ చూసి క్షమాభిక్ష ఇవ్వరాదు. అసలు విషయాలు దాచిపెట్టినా, బుర్ర పెట్టి ఆలోచించకపోయినా, దురుద్దేశం ఉన్నా కోర్టు రద్దు చేయొచ్చు. 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో, పిటిషన్ మీద ఏండ్ల తరబడి ఆలస్యం వంటి కారణాలతో 15 మందికి ఉరి రద్దై యావజ్జీవం అయింది.

గమనించండి. 1975లో ఇద్దరు పల్లెటూరి మనుషులకు అక్కరకు రాని నియమమే, 2006లో ఒక కొడుక్కు పెద్దోళ్ల మీద గెలిచే దారి అయింది. ఆ దారి కాగితం రాయగలిగినోళ్లకే పనికొస్తది. మన గూడేల్లో ఎవరన్నా జైలుకు పోతే, పిటిషన్ అనేది ఒకటుందని చెప్పేటోళ్లు ఎవరున్నరు? మా ఇండ్లల్ల మొదట కాలేజీ గడప తొక్కింది మేమే. మరి ఆ కాగితం మనం రాయకపోతే ఎవరు రాస్తరు?

ఇంకో సంగతి. 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఈ ఒక్క మాట మీ గూడెంలో చెప్పండి.

ఈసారి గాంధీ ఆస్పత్రి ముందు నుంచి పోతే ఆ ఇద్దరినీ ఒకసారి తలుచుకోండి. తప్పులుంటే చెప్పండి, సరిచేసుకుంటం. జోహార్.