కల్నల్ బోగీ: రెండు స్వరాల కవాతు

‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ సినిమాలో బ్రిటిష్ యుద్ధఖైదీలు అరిగిపోయిన బూట్లతో, తలెత్తుకుని, ఈల వేసుకుంటూ జపాన్ క్యాంపులోకి నడిచొస్తారు. ఆ ఈల 1914లో అచ్చైన ‘కల్నల్ బోగీ’ అనే బ్యాండు మార్చ్‌లోది.

రాసినాయన ఫ్రెడరిక్ జోసెఫ్ రికెట్స్. 1881లో లండన్‌లో పుట్టి, పద్నాలుగేళ్లకే పటాలంలో బ్యాండు కుర్రాడిగా చేరాడు. 1908 నుంచి ఒక స్కాటిష్ పటాలానికి బ్యాండ్‌మాస్టర్. కొలువులో ఉన్నవాళ్లు బయట పాటలు అమ్ముకోవడం పైవాళ్లకు గిట్టేది కాదు. అందుకే కొడుకు పేరుకు తన తల్లి పుట్టింటి ఇంటిపేరు చేర్చి ‘కెన్నెత్ ఆల్ఫర్డ్’ అయ్యాడు.

స్కాట్లండ్ ఉత్తరాన ఫోర్ట్ జార్జ్‌లో ఉన్నప్పుడు ఆయన గోల్ఫ్ ఆడేవాడు. తోటి ఆటగాడొకాయన, బంతి వస్తోంది తప్పుకోండని అరవడానికి బదులు రెండు స్వరాలు ఈల వేసేవాడట. ఆ రెండింటి నుంచే మార్చ్ పుట్టిందంటారు. ‘కల్నల్ బోగీ’ కూడా గోల్ఫ్‌వాళ్లు కల్పించుకున్న మనిషే. అప్పట్లో ప్రతి ఆటగాడూ ఆయన స్కోరుతో పోటీ పడేవాడు.

మన సరిగమల్లో ఆ రెండు ఈల స్వరాలూ పంచమం, అంతర గాంధారం. ప-గ అని దిగి, కాస్త నిలిచి, గ-మ-ప అని ఎక్కి, ఒక్కసారిగా పైస్థాయి గాంధారానికి దూకుతుంది. ఈ ఎత్తుగడలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ దిగడం. కవాతు అనగానే బాకాలు పైపైకి ఎగబాకాలనుకుంటాం. ఇది కిందికి దిగుతూ మొదలవుతుంది, అయినా అడుగు తడబడదు. శ్రమ లేకుండా ఈలకు అందుతుంది కాబట్టే సిపాయిల నోళ్లలో పడింది.

రెండో ప్రపంచయుద్ధంలో వాళ్లు దానికి హిట్లర్ మీద బూతు మాటలు కట్టారు. వాటిని తెరమీద పాడించడం కుదరదు. 1957లో దర్శకుడు డేవిడ్ లీన్ ఈలతోనే పని జరిపించాడు. ఆ ఈలమీదికి సరిగ్గా అమిరేలా మాల్కం ఆర్నాల్డ్ మరో మార్చ్ కట్టాడు, ఆ చిత్ర సంగీతానికి ఆస్కార్ అందుకున్నాడు. రికెట్స్ 1945లోనే పోయాడు.

సినిమా వల్ల ఒక నష్టం కూడా జరిగింది. జనానికి మొదటి భాగమే మిగిలింది. అసలు మార్చ్‌లో తర్వాత ట్రియో అనే భాగం ఉంది, అక్కడ బ్యాండంతా మధ్యమ శ్రుతికి మారుతుంది. పూర్తి బ్యాండు వాయించిన రికార్డింగు దొరికితే అక్కడిదాకా తప్పకుండా వినండి.